పిస్తోలు పట్టిన టైపిస్టు



ఇవాళ ఒక సినిమా గురించి మీతో ముచ్చటించాలని వచ్చాను. సినిమా అనగానే మొన్న శుక్రవారం విడుదలైనదేదో అనుకునేరు. ఇది 1933లో జపాను దేశంలో తీసిన సినిమా. మాటలు లేవు, పాటలు లేవు, రంగులు అసలే లేవు. పైపెచ్చు రౌడీల కథ. "ఆడవాళ్ల కార్యక్రమంలో రౌడీల సినిమా ఏమిటి వదినా, ఇంకేం దొరకలేదా?" అని మా పక్కింటావిడ ముందే అడిగేసింది. ఆవిడకి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. రౌడీలున్న మాట నిజమే. కాని కథను భుజాన వేసుకుని నడిపేది ఉద్యోగం చేసుకుని బతికే ఇద్దరు ఆడపిల్లలు. ఒకతె ఆఫీసులో టైపిస్టు. రెండో అమ్మాయి గ్రామఫోను రికార్డుల కొట్టులో పనిచేస్తుంది. తొంభై ఏళ్ల కిందటి ఆ ఇద్దరినీ చూస్తుంటే, రోజూ పొద్దున్నే మా వీధి మలుపులో ఆఫీసు కారు కోసం నిలబడే పిల్లలే నాకు గుర్తుకొచ్చారు.

మేముండేది కొండాపూరులో. 1999లో నేను కాపురానికి వచ్చేనాటికి మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమై ఇంకా ఏడాది నిండలేదు. 1998 నవంబరులో వాజపేయిగారు వచ్చి ప్రారంభించారు దాన్ని. చుట్టూరా బండరాళ్లు, తుమ్మచెట్లు, మధ్యలో ఆ గుండ్రటి మేడ. కూరగాయలకి కూడా బస్సెక్కి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు బండలు పోయి అద్దాల మేడలు లేచాయి. అలాంటి ఒక మేడలోనే, రాయదుర్గం వైపు, మా అమ్మాయి ఉద్యోగం. ఆఫీసు పని జపాను వాళ్లతో కాబట్టి ఆ భాష కాస్త నేర్చుకుంటోంది. పాత సినిమాలు చూడమని పాఠం చెప్పేవారు అన్నారట. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మా, నువ్వు టైపు నేర్చుకున్నానంటావుగా, ఇందులో హీరోయిన్ టైపిస్టే, చూడు" అంది.

నేను చదివింది పదో తరగతి. ఆ తర్వాత మా ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూటుకి వెళ్లి లోయరు పాసయ్యాను. హయ్యరు పరీక్షకు డబ్బు కట్టాక పెళ్లి కుదిరింది. ఆ మాట అటుంచండి. సినిమా మొదలవగానే ఆఫీసు గోడకు వరసగా తగిలించిన టోపీలు, ఆ తర్వాత వరసగా కూర్చుని టైపు కొడుతున్న అమ్మాయిలు. చప్పుడు లేని సినిమాలో కూడా నాకు ఆ మిషన్ల మోత వినిపించింది, నమ్మండి. చేతివేళ్లు ఒళ్లోనే కదిలాయి.

సినిమా పేరు జపాను భాషలో "హిజోసెన్ నో ఒన్నా". నేరం చేసినవాణ్ణి పట్టుకోవడానికి పోలీసులు దారులన్నీ మూసి కాపలా పెడతారే, దాన్ని హిజోసెన్ అంటారట. ఒన్నా అంటే స్త్రీ. ఇంగ్లీషులో "డ్రాగ్నెట్ గర్ల్" అన్నారు. మనం పోలీసు వలలో పిల్ల అనుకోవచ్చు. తీసినవాడు యసుజిరో ఓజు. పెద్ద పేరున్న దర్శకుడు. 1953లో ఆయన తీసిన "టోక్యో స్టోరీ" ప్రపంచంలోని గొప్ప చిత్రాల్లో ఒకటిగా లెక్కకొస్తుంది. అందులో తలిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి పట్నం వస్తారు, పిల్లలకు తీరిక ఉండదు. మన కథే అనిపిస్తుంది. ఆయన పెళ్లి చేసుకోలేదు, తల్లితో కలిసి ఉండేవాడు. కుటుంబాల కథలు తీయడంలో అందె వేసిన చెయ్యి. అటువంటివాడు యౌవనంలో ఇలా రౌడీల కథలు కూడా తీశాడంటే మొదట నేను నమ్మలేదు.

ఇక కథ. టోకికో అని ఒకమ్మాయి. పగలంతా బుద్ధిగా టైపు కొడుతుంది. యజమాని కొడుక్కి ఆమె మీద కన్ను. ఉంగరం కూడా ఇస్తాడు. ఆమె తీసుకుంటుంది సుమా, వద్దనదు! సాయంత్రమైతే ఆమె లోకం వేరు. జోజీ అనే మాజీ బాక్సరు ఉంటాడు, చిన్నపాటి ముఠానాయకుడు. ఆమె అతని మనిషి. పెళ్లయిందా అని అడక్కండి, కాలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. డ్యాన్సు హాళ్లు, బాక్సింగు పోటీలు, అమెరికా వాళ్లలా కోట్లు, టోపీలు. గోడల మీద రాతలన్నీ ఇంగ్లీషే. జపాను సినిమా చూస్తున్నామా, అమెరికా సినిమానా అని మా వారు మధ్యలో తొంగిచూసి అడిగారు. ఆ రోజుల్లో వాళ్లకూ పైదేశపు మోజు గట్టిగానే ఉండేది కాబోలు.

హిరోషి అని ఒక కాలేజీ కుర్రాడు చదువు వదిలేసి ఈ ముఠాలో చేరతాడు. జోజీ అంటే వాడికి దేవుడు. హిరోషికి ఒక అక్క, పేరు కజుకో. రికార్డుల కొట్టులో ఉద్యోగం ఈమెదే. సినిమా మొత్తం మీద జపాను బట్టలు కట్టుకుని ఒద్దికగా కనబడేది ఈ అమ్మాయే. కొట్టు నిండా గ్రామఫోను ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మలు. మన ఇళ్లలో పాత రికార్డుల మీద ఉండేది చూడండి, ఆ కుక్కే. ఈ అక్క ఒకరోజు జోజీ దగ్గరికి వెళ్లి, మా తమ్ముణ్ణి వదిలెయ్యండి, వాడి చదువు పాడవుతోంది అని బతిమాలుతుంది. కేకలు, శాపాలు ఏవీ ఉండవు. ఆ నెమ్మదికే జోజీ మెత్తబడతాడు, ఆమె మీద మనసు కూడా పడుతుంది.

ఇది తెలిసిన టోకికో ఏం చేసిందనుకున్నారు? సంచిలో పిస్తోలు పెట్టుకుని కజుకోను కలవడానికి వెళ్తుంది. మన సినిమాల్లో అయితే ఇక్కడ జుట్లు పట్టుకునేవాళ్లు. కాదంటే పెద్ద పెద్ద డైలాగులు. ఇందులో ఆ రెండూ లేవు. ఎదురుగా ఉన్న పిల్లను చూసి, చూసి, ఈమె తనకు శత్రువు కాదని టోకికోకు తెలిసిపోతుంది. పిస్తోలు తీసిన మనిషి ముద్దు పెట్టి వెనక్కి తిరిగి వస్తుంది. మా అమ్మాయి ఆ చోట సినిమా ఆపి "ఇదేంటమ్మా!" అంది. నాకేమో ఆశ్చర్యం వెయ్యలేదు. కన్యాశుల్కంలో మధురవాణి తెలిసినవాళ్లకి టోకికో తెలియకుండా ఎలా ఉంటుంది? చెడ్డపేరు మోస్తున్న ఆడదానికి మంచిని గుర్తుపట్టే చూపు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

అక్కడి నుంచి టోకికోకు ఒకటే పట్టు. ఈ బతుకు మానేద్దాం, మామూలు మనుషుల్లా కాపురం చేసుకుందాం అని. జోజీ వినడు. ఈ నడిమి భాగం కొంచెం సాగినట్టుంటుంది, ఉన్నమాట చెప్పాలిగా. కజుకో కూడా మరీ కర్పూరపు బొమ్మలా అనిపించింది నాకు. తమ్ముడి మీద ఒక్కసారైనా విసుక్కోని అక్క ఎక్కడైనా ఉంటుందా? కాని టోకికోగా వేసిన నటి మాత్రం ఈ లోపాలన్నీ మరిపిస్తుంది. ఆమె పేరు కినుయో తనాకా. అప్పటికి ఆమె వయసు ఇరవైమూడు. గయ్యాళిగా చూసిన కళ్లతోనే మరు నిమిషంలో జాలిగా చూస్తుంది, మాట సాయం లేకుండా. ఈమె తర్వాత తానే దర్శకురాలై 1953లో మొదటి సినిమా తీసింది, మొత్తం ఆరు తీసింది. జపానులో ఆడవాళ్లు దర్శకత్వం అన్న మాటే ఎత్తని కాలం అది. 1975లో బెర్లిను చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి కూడా అందుకుంది, అరవై అయిదేళ్ల వయసులో. మన భానుమతిగారి దర్శకత్వంలో మొదటి చిత్రం "చండీరాణి" వచ్చింది కూడా 1953లోనే. ఆ ఏడాదిలో ఏముందో గాని!

మాటలు లేవన్నాను కదా. 1933 అంటే మనకు అప్పటికే టాకీలు వచ్చేశాయి. 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చింది. 1933లో చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి "సావిత్రి" తీశారు, అందులో యముడుగా వేమూరి గగ్గయ్యగారు. జపాను వాళ్లకి యంత్రాలు తెలియక కాదు, అక్కడ బెన్షీలని ఉండేవారు. తెర పక్కన నిలబడి కథ చెబుతూ, ఆడ మగ పాత్రలన్నిటికీ గొంతు మార్చి మాట్లాడేవారు. మన తోలుబొమ్మలాటలో తెర వెనకనుంచి పలికేవాళ్లలాగా అనుకోండి. నటుల పేర్లు కాదు, బెన్షీ పేరు చూసి టిక్కెట్టు కొనే జనం ఉండేవారట. అందువల్ల అక్కడ మూగ సినిమా చాలా కాలం నిలిచింది. ఓజు మొదటి టాకీ 1936లో గాని రాలేదు. మా ఇంట్లో ఆ పూట బెన్షీ మా అమ్మాయే. తెర మీద వచ్చే అక్షరాలు చదివి తెలుగులో చెబుతూ పోయింది. జోజీకి మాత్రం వాళ్ల నాన్న గొంతు పెట్టింది, ఎందుకో మరి!

సరే, అసలు సంగతికి వద్దాం. హిరోషి ఉన్నాడే, కాలేజీ కుర్రాడు, వాడు అక్క పనిచేసే కొట్లోనే గల్లాపెట్టెలో డబ్బు తీస్తాడు. ఆ డబ్బు తిరిగి పెట్టకపోతే అక్క పని ఏం కావాలి? జోజీ, టోకికో కలిసి ఆలోచించి, ఒక్క దెబ్బ కొడదాం, ఇదే ఆఖరు అనుకుంటారు. టోకికో ఆఫీసుకే వెళ్లి, ఆ యజమాని కొడుకునే పిస్తోలుతో బెదిరించి డబ్బు తీసుకుంటారు. కుర్రాడికి ఇస్తారు. పోలీసులు వెంటపడతారు. ఇద్దరూ తప్పించుకుంటారు కూడా. తప్పించుకున్నాక, రాత్రివేళ నిర్మానుష్యమైన వీధిలో టోకికో ఆగిపోతుంది. ఇక పరుగెత్తవద్దు, లొంగిపోదాం, శిక్ష అనుభవించి వచ్చి మళ్లీ మొదలుపెడదాం, మనకింకా వయసుంది అని ప్రాధేయపడుతుంది. జోజీ ఒప్పుకోడు, వెళ్లిపోబోతాడు. అప్పుడు పిస్తోలు తీసి అతని కాలి మీద కాల్చేస్తుంది. కాల్చి, పరుగెత్తుకొచ్చి అతన్ని కావలించుకుంటుంది. పోలీసులు వచ్చేవరకు ఇద్దరూ అలాగే ఉంటారు.

అదే సంవత్సరం మన తెర మీద సావిత్రి, మొగుణ్ణి తీసుకుపోవద్దని యముడి వెంట నడిచింది. అక్కడ ఈ టైపిస్టు పిల్ల మొగుడనుకున్నవాణ్ణి తానే పోలీసులకు పట్టించింది. ఇద్దరూ కోరింది అతను బతకాలనే. నేనిలా అంటే మా పక్కింటావిడ నొచ్చుకుంది, సావిత్రితో పోలికేమిటని. కావచ్చు. నాకు అలా తోచింది, చెప్పాను.

ఓజుకి ఈ ఆలోచన కొత్తది కాదు. 1930లో ఆయనే తీసిన "ఆ రాత్రి భార్య" అనే చిత్రంలో బిడ్డ జబ్బుకి మందుల కోసం తండ్రి దొంగతనం చేస్తాడు. వెతుక్కుంటూ వచ్చిన పోలీసును రాత్రంతా పిస్తోలు పట్టి ఆపేది భార్య. తెల్లవారాక ఆ తండ్రి తనంతట తాను పోలీసుతో బయల్దేరతాడు.

ఇంతవరకు సినిమా కబురు. ఇక నా కబురు ఒకటుంది. చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. సంబంధించినవాడిని అడిగి, పేరు చెప్పనని మాటిచ్చి, చెబుతున్నాను.

నాకొక తమ్ముడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నా చంకనెక్కి పెరిగాడు. ఇక్కడే ఒక కొట్టులో లెక్కలు చూసేవాడు. సెల్‌ఫోనులో డబ్బు పందేలకు మరిగాడు. ఇవి మన రాష్ట్రంలో 2017 నుంచే నిషేధం. నిషేధమంటే పిల్లలకి దారి తెలియకుండా పోతుందా! కిందటి ఏడాది ఒక రాత్రి వచ్చి, కొట్టు సొమ్ము అరవైవేలు వాడేశాను అక్కా, పొద్దున లెక్క చూస్తారు అని ఏడ్చాడు. నా గాజులు రెండు తాకట్టు పెట్టి ఇచ్చాను. మా వారికి చెప్పలేదు. గాజులేవీ అని అడిగితే బిగుతయ్యాయి, లోపల పెట్టానన్నాను. అబద్ధం ఒక్కరోజుతో పోదు కదా, ప్రతి పెళ్లికీ, ప్రతి పేరంటానికీ దాన్ని కొత్తగా కట్టుకుని వెళ్లాలి.

ఈ సినిమా చూసిన రోజున హిరోషి గల్లాపెట్టె దగ్గర చెయ్యి పెట్టగానే నాకు ముచ్చెమటలు పోశాయి. ఒక దొంగతనాన్ని పూడ్చడానికి జోజీ ఇంకో దొంగతనం చేస్తుంటే, ఇది నేను చేసిన పనే కదా అనుకున్నాను. నా చేతిలో పిస్తోలు లేదు, అంతే తేడా. వాణ్ణి కాపాడానని ఎనిమిది నెలలు అనుకున్నాను. వాడికి నేర్పింది మాత్రం, అక్క దగ్గర ఇంకా గొలుసుందని.

నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఈసారి నలభైఅయిదు వేలు. నేను గొలుసు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, చాలాసేపు. లేదురా, ఇవ్వను, రేపు నువ్వే వెళ్లి యజమానితో చెప్పు అన్నాను. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రాత్రి మా వారికి గాజుల సంగతితో సహా అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయి, కాసేపటికి వచ్చి, "ఎనిమిది నెలలు ఇది కడుపులో పెట్టుకుని ఎలా నిద్రపోయావు?" అన్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు తమ్ముడి వెంట నేనూ వెళ్లాను. కొట్లోకి మాత్రం వెళ్లలేదు, మెట్ల కింద నిలబడ్డాను. అరగంట తర్వాత దిగొచ్చాడు. ఉద్యోగం పోయింది. పెద్దమనిషి పోలీసులకు చెప్పలేదు గాని, నెలనెలా అయిదువేలు తీర్చమని కాగితం రాయించుకున్నాడు. ఇప్పుడు వాడు బండి మీద పార్సిళ్లు చేరవేస్తాడు. కాగితం ప్రకారం ఇప్పటికి మూడు వాయిదాలు కట్టాడు. ఫోను మాత్రం మామూలుది పెట్టుకున్నాడు, పార్సిళ్ల పనికోసం కంపెనీ ఫోను పొద్దున తీసుకుని రాత్రి ఇచ్చేస్తాడు. మా అమ్మ మాత్రం నాతో మాట్లాడడం లేదు. తోడబుట్టినవాణ్ణి రోడ్డున పడేశావంది. ఆవిడ బాధ ఆవిడది. ఉద్యోగం పోవడానికి కారణం నేనేనా అని నాకూ కొన్ని రాత్రులు అనిపిస్తుంది. మూడో వాయిదా కట్టాడని తెలిసిన రోజు అనిపించలేదు.

ఈ సినిమా చూడదలచినవారికి రెండు మాటలు. నిడివి గంటా నలభై నిమిషాలు. మూగ సినిమా కాబట్టి వంటింట్లో కుక్కరు పెట్టి వింటూ చూద్దామంటే కుదరదు, కళ్లు అక్కడే ఉండాలి. మొదటి పావుగంట కొత్తగా ఉంటుంది, ఓపిక పట్టండి. ఇంగ్లీషు అక్షరాలు త్వరగా చదవలేని నాలాంటివాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే సరి. వాళ్లు బెన్షీలవుతారు, మనకి కబుర్లూ అవుతాయి. పిల్లలతో కలిసి చూడకూడని దృశ్యాలేవీ ఇందులో లేవు.

మా తమ్ముడికి కూడా చూపించాం, మొన్న సెలవు రోజున. కొట్టు సీను వచ్చినప్పుడు మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లాడు. మేమేమీ అనలేదు. మళ్లీ వచ్చి చివరిదాకా కూర్చున్నాడు. అయిపోయాక మా అమ్మాయి లాప్‌టాప్ మూస్తుంటే, "అక్కా, ఇంతకీ అతని కాలు బాగైందా?" అని అడిగాడు. అది సినిమాలో చూపించలేదురా అన్నాను.